మిర్యాలగూడ రైస్ మిల్లు ఈటీపీకి ఏ బ్లోయర్ తీసుకోవాలి? ట్రై లోబ్, స్క్రూ, రింగ్: మూడు కొటేషన్లు వచ్చాయి

ఊకపొడి (మిర్యాలగూడ)
అందరికీ నమస్తే. బాయిల్డ్ రైస్ మిల్లులో ఈటీపీ (మిల్లు మురుగు నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు) నేనే చూసుకుంటాను. వడ్లు నానబెట్టిన నీళ్ళు రోజుకు లక్షన్నర లీటర్ల దాకా వస్తాయి. ట్యాంకులోకి గాలి ఊదే పాత ట్విన్ లోబ్ (రెండు రెక్కల రోటర్ల) బ్లోయర్‌కు 15 హెచ్‌పీ మోటారు ఉంది. రోటర్లు ఒకదానికొకటి రాసుకుని చప్పుడు చేస్తున్నాయి. రిపేరు ఖర్చు విని మా సేటు కొత్తదే తీసుకుందాం అన్నారు.

ముగ్గురు వచ్చి చూసి పోయారు. ఒకాయన ట్రై లోబ్ (మూడు రెక్కల రోటర్లది) అన్నాడు. ఇంకొకాయన స్క్రూ బ్లోయర్ పెట్టండి, కరెంటు 30 శాతం మిగులుతుంది అన్నాడు. మూడో ఆయన రింగ్ బ్లోయర్ (మోటారుకే బిగించిన చక్రంతో ఊదేది) చాలు, బెల్టు లేదు, ఆయిల్ లేదు, రేటు సగం అన్నాడు. ఎవరిది వారికి బంగారమే. ఎయిరేషన్ ట్యాంకులో (గాలి ఊది శుద్ధి చేసేది) నీళ్ళు 4.5 మీటర్ల లోతు, అడుగున డిస్క్ డిఫ్యూజర్లు (గాలిని సన్న బుడగలుగా వదిలే బిళ్ళలు). డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) 0.5 దాటడం లేదు, వాసన మొదలైంది. పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) వాళ్ళు ఎప్పుడొస్తారో అని టెన్షన్. మీరైతే ఏది తీసుకుంటారు?

బెల్టు_మామ (జడ్చర్ల)
తమ్మీ, 4.5 మీటర్లంటే రింగ్ బ్లోయర్ కొటేషన్ పక్కన పెట్టు. సింగిల్ స్టేజ్ రింగ్ బ్లోయర్లు మామూలుగా 0.2, 0.3 కేజీ (చదరపు సెంటీమీటరుకు) ప్రెషర్ దగ్గరే ఆయాసపడతాయి. నీకు అర కేజీ కావాలి. డబుల్ స్టేజ్‌లో వస్తుంది అంటారు, వస్తుంది కూడా, కానీ ఎప్పుడూ దాని హద్దు మీద నడుస్తుంటుంది. మే నెలలో దాని బాడీ మీద చెయ్యి పెట్టలేవు.

పోలేపల్లి_ప్లాంట్ (జడ్చర్ల దగ్గర)
స్క్రూ తీసుకోండి. మా ఫార్మా యూనిట్‌లో రెండు నడుస్తున్నాయి. లోబ్ బ్లోయర్ 1860లో అమెరికాలో రూట్స్ అన్నదమ్ములు పేటెంట్ తీసుకున్న డిజైన్. అది గాలిని లోపల నొక్కదు, ఇటు నుంచి అటు తోస్తుంది అంతే. పైపులో ఉన్న ప్రెషర్ వెనక్కి తన్నినప్పుడు గాలి ఒక్కసారిగా నలుగుతుంది. కరెంటు అక్కడే వృథా. స్క్రూలో గాలి లోపలే మెల్లగా నలుగుతూ బయటికి వస్తుంది. అందుకే ఆదా.

బెల్టు_మామ
1860 నాటిదే. ఊళ్ళో ఏ మెకానిక్ అయినా విప్పగలడు, అందుకే ఇంకా బతికుంది.

అకౌంట్స్_అక్క (నల్లగొండ)
మా మిల్లు లెక్కలు నేనే చూస్తాను కాబట్టి అడుగుతున్నా. ట్రై లోబ్‌కు, స్క్రూకు రేటు తేడా ఎంత? రెండు కొటేషన్లలోనూ షాఫ్ట్ పవర్ (బ్లోయర్ తిప్పడానికి పట్టే పవర్) అని కిలోవాట్లలో రాసి ఉంటుంది. ఆ అంకెలు పెట్టండి తమ్ముడూ. 30 శాతం అనే మాట నోటి లెక్క, కాగితం మీద ఏముందో చూద్దాం.

ఊకపొడి
అక్కా, ఇద్దరూ గంటకు 300 ఘనపు మీటర్ల గాలి, అర కేజీ ప్రెషర్ మీదే ఇచ్చారు. ట్రై లోబ్‌కు 6.4 కిలోవాట్లు, స్క్రూకు 5.4. రేటులో తేడా 5 లక్షల పైమాటే.

అకౌంట్స్_అక్క
అయితే ఆదా 30 కాదు, 16 శాతం కూడా లేదు. గంటకు ఒక యూనిట్. రోజంతా నడిపితే 24 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకుంటే రోజుకు 192. మిల్లు ఏడాదంతా నడవదు కదా, వానాకాలం, యాసంగి రెండు పంటలూ కలిపి 250 రోజులు అనుకుంటే 48,000. ఐదు లక్షలు తిరిగి రావడానికి పదేళ్ళు దాటుతుంది. ఆ ఐదు లక్షలకు బ్యాంకు వడ్డీ నేనింకా కలపలేదు.

పోలేపల్లి_ప్లాంట్
ఈ లెక్కకు నేను అడ్డు చెప్పను. మాది వేరే కథ. ట్యాంకు 6 మీటర్లు, గంటకు 2000 ఘనపు మీటర్ల గాలి, ఏడాదికి 365 రోజులూ ఆగదు. మాకు ఆదా సుమారు 10 కిలోవాట్లు. అంటే ఏడాదికి 7 లక్షలు. రెండేళ్ళలో తేడా రేటు తిరిగొచ్చింది. లోతు పెరిగే కొద్దీ స్క్రూ లాభం పెరుగుతుంది. బేరింగులు, గేర్లు పక్కన పెట్టి గాలి నలిగే లెక్క ఒక్కటే చూస్తే రెండింటికీ తేడా 0.3 కేజీ దగ్గర 9 శాతం ఉంటుంది, 0.5 దగ్గర 14, 0.8 దగ్గర 20. లోతు లేని ట్యాంకుకు స్క్రూ పెట్టడం దండగ.

నీటి_లెక్క (మహబూబ్‌నగర్)
ఆలస్యంగా చూశాను. ఊకపొడి గారూ, మీరు బ్లోయర్ రకం గురించి అడుగుతున్నారు, నాకు మాత్రం ముందు మూడు విషయాలు కావాలి.

ఎయిరేషన్‌లోకి వెళ్ళే నీళ్ళ బీవోడీ (అందులోని మురికి కుళ్ళడానికి పట్టే ఆక్సిజన్ లెక్క) ఎంత? బ్లోయర్ బయట ప్రెషర్ గేజ్ ఎంత చూపిస్తోంది? అదే గాలి పైపు వేరే ట్యాంకుకు కూడా పోతోందా?

ఊకపొడి
సార్, ముందు గాలి లేని ట్యాంకు ఒకటి ఉంది, దాని తర్వాత బీవోడీ 600 దాకా ఉందని ల్యాబ్ రిపోర్ట్. గాలి పైపు కలెక్షన్ ట్యాంకుకు (శుద్ధికి ముందు నీళ్ళు పోగయ్యేది) కూడా పోతుంది. దాని వాల్వు సగం మూసి ఉంచుతాం. గేజ్ పొద్దున 0.48 ఉంటుంది. సాయంత్రం కలెక్షన్ ట్యాంకులో నీళ్ళు తగ్గే వేళకు 0.44కు పడిపోతుంది. అప్పుడు ఎయిరేషన్ ట్యాంకులో ఒక మూలన తప్ప బుడగలు కనిపించవు. బ్లోయర్ అరిగిపోవడం వల్లే అనుకుంటున్నాం.

నీటి_లెక్క
అదీ సంగతి. అరుగుదల కొంత ఉండొచ్చు గానీ, అసలు దొంగ ఆ వాల్వు.

నీళ్ళు పల్లమెరిగినట్టే గాలి కూడా తేలిక దారినే ఎరుగుతుంది. ఎయిరేషన్ ట్యాంకులో డిఫ్యూజర్లు నేలకు పావు మీటరు పైన ఉంటాయి కాబట్టి వాటి మీద 4.25 మీటర్ల నీళ్ళు ఉన్నాయి. అంటే బుడగ బయటికి రావడానికే 0.425 కేజీ కావాలి. కలెక్షన్ ట్యాంకులో సాయంత్రానికి మీటరు నీళ్ళు కూడా ఉండవు. రెండూ ఒకే పైపు మీద ఉంటే గాలి ఎటు పోతుంది? సగం మూసిన వాల్వు ఒక్కటే దాన్ని ఆపుతోంది. నీళ్ళ మట్టం మారినప్పుడల్లా ఆ వాల్వు తిప్పుతూ కూర్చోవాలి. ఎవరు కూర్చుంటారు? 5 లక్షలు ఎక్కువ పెట్టి స్క్రూ తెచ్చినా, దాని గాలి కూడా కలెక్షన్ ట్యాంకులోకే పోతుంది.

ఒక పని చేయండి. గేజ్ దగ్గర ఒకరిని నిలబెట్టి, కలెక్షన్ వాల్వు మెల్లగా పూర్తిగా మూయండి. సేఫ్టీ వాల్వు పని చేస్తోందో లేదో ముందు చూసుకోండి. గేజ్ 0.65 దాటితే వెంటనే తెరిచేయండి.

బెల్టు_మామ
సేఫ్టీ వాల్వు మాట బాగా చెప్పారు సార్. చాలా చోట్ల దాన్ని గుడ్డ చుట్టి బిగించి పెడతారు, చప్పుడు చేస్తోందని. లోబ్ బ్లోయర్ బయటి దారి మూసేస్తే అది ఆగదు, మోటారు కాలే దాకా, లేదంటే షాఫ్ట్ విరిగే దాకా నెడుతూనే ఉంటుంది.

ఊకపొడి
మూసి చూశాం సార్. గేజ్ 0.6కు వచ్చి నిలబడింది. ఎయిరేషన్ ట్యాంకు నిండా బుడగలు వచ్చాయి! కానీ రెండు చోట్ల నీళ్ళు కుతకుత ఉడికినట్టు పెద్ద పెద్దగా లేస్తున్నాయి, మిగతా చోట్ల సన్నగా.

నీటి_లెక్క
పెద్దగా లేచే చోట మెంబ్రేన్ (డిస్కు మీది రబ్బరు పొర) చినిగింది. రెండు డిస్కులు మార్చాలి.

ఇక 0.6 సంగతి. నీళ్ళ బరువు 0.425. డిఫ్యూజర్‌కు 0.05, పైపులు, వంపులు, వాల్వులకు 0.03 వేయండి. 0.5 దగ్గర ఉండాలి. గాలి మొత్తం ఒకే ట్యాంకుకు పోయింది కాబట్టి కొంత పెరగడం సహజమే. అయినా 0.1 ఎక్కువంటే డిస్కుల రంధ్రాలు మూసుకున్నాయి. మీ వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయా?

ఊకపొడి
ఉప్పగానే ఉంటాయి సార్. బకెట్టుకు తెల్లగా పొలుసు కడుతుంది.

నీటి_లెక్క
అదే పొలుసు రబ్బరు మెంబ్రేన్ మీద కూడా కడుతుంది, దాని మీద జిగురు పాచి పడుతుంది. లోబ్ బ్లోయర్‌లో గాలి అంతే ఉన్నప్పుడు కరెంటు, ప్రెషర్‌కు అనుగుణంగా పెరుగుతుంది. 0.6 నుంచి 0.5కు దించగలిగితే ఆరో వంతు కరెంటు మిగులుతుంది. అంటే 16, 17 శాతం. అక్క లెక్కలో స్క్రూ ఇచ్చే ఆదా కూడా దాదాపు అంతే. సీజన్ల మధ్య ట్యాంకు ఖాళీ చేసినప్పుడు డిస్కులు తీసి కడిగించండి, గట్టిపడినవి మార్చండి. ఐదు లక్షలలో చిన్న ముక్క కూడా కాదు.

అకౌంట్స్_అక్క
ఈ మాట మూడు కొటేషన్లు తెచ్చినవాళ్ళలో ఒక్కరూ ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు, మీకూ తెలుసు.

మూసీ_ఒడ్డు (సూర్యాపేట)
మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. 300 ఘనపు మీటర్లు అనే అంకె ఎక్కడిది? అమ్మేవాళ్ళు చెప్పిందేనా? సరిపోతుందా?

నీటి_లెక్క
మంచి ప్రశ్న. కాగితం తీసుకోండి.

రోజుకు 150 ఘనపు మీటర్ల నీళ్ళు, లీటరుకు 600 మిల్లీగ్రాములు. అంటే రోజుకు 90 కిలోల బీవోడీ. కిలోకు ఒకటిన్నర కిలోల ఆక్సిజన్ వేసుకుంటే 135 కిలోలు, గంటకు 5.6. ఘనపు మీటరు గాలిలో ఆక్సిజన్ 0.28 కిలోలు. అదంతా నీళ్ళలో కరగదు. సన్న బుడగ డిఫ్యూజర్ మంచి నీళ్ళలో మీటరు లోతుకు 6 శాతం చొప్పున కరిగిస్తుంది, మీ లోతుకు పాతిక శాతం. కానీ మురుగులో, నురగలో, పిండి పదార్థం ఉన్న నీళ్ళలో అది సగానికి పైగా పడిపోతుంది. నేను 10 శాతమే వేస్తాను. గంటకు 200 ఘనపు మీటర్లు కావాలి.

ఇది 20 డిగ్రీల లెక్క. మే నెలలో 45 డిగ్రీల ఎండకు గాలి పలచబడుతుంది, అంతే ఆక్సిజన్ కోసం 10 శాతం ఎక్కువ గాలి లాగాలి. మిర్యాలగూడ కింద ఉంది కాబట్టి 10 శాతంతో పోయింది. మా పాలమూరు సముద్రమట్టానికి 500 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడైతే 15 వేస్తాను. కాబట్టి 220. దాని మీద పాతిక శాతం చేతిలో ఉంచుకుంటే 275, 280. ఎయిరేషన్ ఒక్కదానికే అయితే 300 చాలు. 10 హెచ్‌పీ మోటారు సరిపోతుంది. మీ పాతదానికి 15 ఎందుకు పెట్టారంటే రెండు ట్యాంకులకూ అదే ఊదాలి కాబట్టి.

కొటేషన్‌లో 300 అని ఉంటే సరిపోదు. అది ఏ ఉష్ణోగ్రత దగ్గర, ఏ ప్రెషర్ దగ్గర అని రాయించుకోండి. సున్నా డిగ్రీల లెక్కలో 300కు, మన ఎండలో 300కు చాలా దూరం ఉంది.

నైట్‌షిఫ్ట్ (నల్లగొండ)
ఆసుపత్రి ఎస్టీపీలో (మురుగు శుద్ధి ప్లాంటు) పని చేస్తాను. బెల్టు మామ రింగ్ బ్లోయర్‌ను మరీ తీసిపారేశారు. మా దగ్గర కలెక్షన్ ట్యాంకుకు అదే. నీళ్ళు రెండు మీటర్లకు మించవు. బెల్టు సాగలేదు, ఆయిల్ కారలేదు. ఫిల్టర్ దులపడం తప్ప దాని ముఖం చూడం. దాన్ని చంపేది ఒక్కటే, వాల్వు బిగించి గాలి తగ్గించాలని చూడటం. గాలి ఆడకపోతే లోపలే వేడెక్కిపోతుంది.

బెల్టు_మామ
రెండు మీటర్లకు అయితే నేనూ అదే పెడతాను. 4.5 మీటర్లకు వద్దన్నాను.

నీటి_లెక్క
ఊకపొడి గారికి దారి దొరికినట్టే. కలెక్షన్ ట్యాంకు పూర్తిగా నిండితే ఎంత లోతు?

ఊకపొడి
2.2 మీటర్లు సార్.

నీటి_లెక్క
అయితే మూడో ఆయన కొటేషన్ చించేయకండి. కలెక్షన్ ట్యాంకుకు 0.25 కేజీ ఇచ్చే చిన్న రింగ్ బ్లోయర్ విడిగా పెట్టండి. అక్కడ ముతక బుడగ చాలు, నీళ్ళు కుళ్ళకుండా కదిలితే చాలు. ఎయిరేషన్ ట్యాంకుకు ట్రై లోబ్. రెండు పైపుల మధ్య కలిపే ముక్క కోసేసి బ్లైండ్ (పైపు మూసేసే బిళ్ళ) కొట్టించండి. వాల్వు మాత్రమే పెట్టి వదిలేస్తే ఎవరో ఒకరు ఏదో ఒక రాత్రి తెరుస్తారు.

పోలేపల్లి_ప్లాంట్
ట్రై లోబ్‌కు వీఎఫ్‌డీ (మోటారు స్పీడు మార్చే పరికరం) పెట్టించండి. డీవో 2 దాటితే స్పీడు తగ్గించొచ్చు. అన్‌సీజన్‌లో నీళ్ళు తక్కువ వచ్చినప్పుడు అసలు ఆదా అక్కడే.

నీటి_లెక్క
పెట్టించండి, కానీ సగం స్పీడుకు సగం గాలి వస్తుందనుకోవద్దు. రోటర్ల సందులోంచి కొంత గాలి వెనక్కి జారుతుంది. స్పీడు తగ్గినా ఆ జారేది తగ్గదు. ఉదాహరణకు రోటర్లు 380 తోస్తే 80 జారి 300 వస్తోంది అనుకోండి. సగం స్పీడులో తోసేది 190, జారేది మళ్ళీ 80, మిగిలేది 110. వెనక్కి జారిన వేడి గాలే మళ్ళీ మళ్ళీ నలిగి బ్లోయర్ ఇంకా వేడెక్కుతుంది. తయారీవాళ్ళు ఇచ్చిన కనీస స్పీడును వీఎఫ్‌డీలో లాక్ చేయించండి. ఇంకొకటి, గాలి మరీ తగ్గిస్తే బురద అడుగున పేరుకుంటుంది. ట్యాంకు నేల చదరపు మీటరుకు గంటకు 2 ఘనపు మీటర్ల గాలికి దిగువకు వెళ్ళకుండా చూసుకోండి.

మూసీ_ఒడ్డు
టర్బో బ్లోయర్ పేరు ఎవరూ ఎత్తలేదేం?

పోలేపల్లి_ప్లాంట్
అది పెద్ద మున్సిపల్ ప్లాంట్ల సరుకు. నిమిషానికి పదుల వేల చుట్లు తిరుగుతుంది, గాలి మీదో, అయస్కాంతం మీదో తేలే బేరింగులు. పెద్ద సైజులో కరెంటు ఆదాకు దానికి సాటి లేదు. 10 హెచ్‌పీ అవసరానికి మామూలుగా పెట్టరు. పైగా ప్రెషర్ అనుకున్నదాని కంటే పెరిగితే గాలి వెనక్కి తన్నుకుంటుంది, సర్జ్ అంటారు. నీళ్ళ మట్టం లేచి దిగే ఎస్‌బీఆర్ (విడతలుగా నింపి శుద్ధి చేసే) ట్యాంకులకు చాలా చూసుకుని పెట్టాలి. లోబ్‌కు, స్క్రూకు ఆ బెడద లేదు, ప్రెషర్ ఎంతున్నా దాదాపు అంతే గాలి తోస్తాయి.

బెల్టు_మామ
లెక్కలయిపోయాయి కాబట్టి ఇక నా మాట వినండి. రైస్ మిల్లులో బ్లోయర్‌ను చంపేది ప్రెషర్ కాదు, బూడిద. బాయిలర్‌లో ఊక కాలిస్తే వచ్చే బూడిదలో ఎక్కువ భాగం సిలికా. మెత్తగా పౌడర్ లాగ కనిపిస్తుంది గానీ రోటర్లను ఎమరీ కాగితం రాసినట్టు రాస్తుంది. తమ్మీ, నీ రోటర్లు రాసుకోవడానికి అదొక కారణం అయ్యుండొచ్చు. స్క్రూలో సందులు ఇంకా సన్నం, అది ఇంకా ఓర్చుకోదు. బ్లోయర్ గది బాయిలర్ వైపు ఉంటే, గాలి పీల్చే పైపు అవతలి గోడ నుంచి బయటికి తీసుకుపో. ఫిల్టర్ షిఫ్టుకొకసారి చూడాలి. కంప్రెసర్ గాలితో దులిపితే లోపలి నుంచి బయటికి కొట్టాలి, బయటి నుంచి కొడితే దుమ్ము కాగితంలోకి ఇంకా దిగబడుతుంది.

బేరింగ్ పోతోందో లేదో తెలుసుకోవడానికి మీటర్లు అక్కర్లేదు. పెద్ద స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ కవర్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టు. నున్నగా ఒకటే హోరు వినిపిస్తే సరే. మధ్యలో టకటక తగిలితే రోజులు దగ్గర పడ్డాయి. లుంగీ, కండువా లాంటివి మాత్రం బెల్టు దగ్గరకు రానీయకు. గార్డు తీసి వినేవాళ్ళను చూశాను.

ఆయిల్ గాజు బిళ్ళలో సగం దాకానే, అది కూడా మిషన్ ఆగాక చూడాలి. ఎక్కువ పోస్తే మంచిదనుకుంటారు, అది సీల్ దాటి పైపులోకి పోతుంది. బెల్టుల్లో ఒకటి తెగితే ఒక్కటే మార్చొద్దు, సెట్టంతా మార్చు.

ఊకపొడి
బాయిలర్ పక్క గోడకే ఉంది మామా గది. పైపు మార్పిస్తా. ఇప్పుడున్న గాలి లైన్ పీవీసీ. దాన్నే వాడొచ్చా?

బెల్టు_మామ
నీళ్ళలోకి దిగే ముక్క పీవీసీ ఉండొచ్చు. బ్లోయర్ దగ్గర నుంచి ట్యాంకు అంచు దాకా జీఐ గానీ ఎంఎస్ గానీ వెయ్యి. అర కేజీకి నలిగిన గాలి, ఎండాకాలంలో 110 డిగ్రీలతో బయటికి వస్తుంది. పీవీసీ మెత్తబడి వంగిపోతుంది, జాయింట్ ఊడి ఎగిరిపోతుంది. ఆ ఇనుప లైన్ పొడుగ్గా పోనీ, గాలి చల్లబడితే మెంబ్రేన్ రబ్బరు కూడా ఎక్కువ కాలం ఉంటుంది.

నైట్‌షిఫ్ట్
చప్పుడు తగ్గడానికి హుడ్ (బ్లోయర్ మీద పెట్టే మూత పెట్టె) కొంటారేమో. మా ఆసుపత్రి పక్కన ఇళ్ళు. నివాస ప్రాంతాల్లో రాత్రి 45 డెసిబెల్స్ దాటొద్దని రూలు ఉంది కాబట్టి మేం పెట్టక తప్పలేదు. హుడ్ లోపల చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటుంది. మా దాంట్లో అది ఆగిపోయినా ఎవరూ చూడలేదు, మధ్యాహ్నం అయ్యేసరికి మోటారు ట్రిప్. మిల్లు ఊరి బయట ఉంటే హుడ్ వద్దు, సైలెన్సర్లు చాలు. మీ మిల్లు చప్పుడులో బ్లోయర్ చప్పుడు ఎవరికి వినపడుతుంది?

ఊకపొడి
హుడ్ తీసేయమని చెప్పేశాను, రేటు కూడా తగ్గింది. సేటుతో మాట్లాడాను. ట్రై లోబ్ 10 హెచ్‌పీ వీఎఫ్‌డీతో, కలెక్షన్ ట్యాంకుకు రింగ్ బ్లోయర్, డిస్కులు కడిగించడం. స్క్రూ తీసుకొచ్చిన ఆయనకు కొంచెం కోపం వచ్చింది. ఇంకొక్క సందేహం: పాత ట్విన్ లోబ్ రోటర్లు సరి చేయించి స్టాండ్‌బైగా అదే లైన్ మీద ఉంచొచ్చా? కల్చర్ (నీళ్ళు శుద్ధి చేసే బ్యాక్టీరియా) చావకుండా ఉండాలంటే రెండోది ఉండాల్సిందే కదా.

నీటి_లెక్క
ఉంచొచ్చు, ఉంచాలి కూడా. కానీ దేనికి దానికి విడి నాన్ రిటర్న్ వాల్వు (గాలిని వెనక్కి రానీయనిది) ఉండాలి. అది లీకైతే నడిచే బ్లోయర్ గాలి, ఆగిన దాంట్లోంచి వెనక్కి వచ్చి దాన్ని ఉల్టా తిప్పుతుంది. అలా తిరుగుతున్నప్పుడు స్విచ్ వేస్తే బెల్టులు పోతాయి. పాత 15 హెచ్‌పీ దానికి పుల్లీ మార్పించి స్పీడు తగ్గించండి, లేకపోతే ఆ రోజు డిస్కుల మీద గాలి ఎక్కువై ఇంకో రెండు చినుగుతాయి. వారానికి ఒకసారి మార్చి నడపండి.

బెల్టు_మామ
ప్యానెల్‌లో ఫేజ్ రివర్సల్ రిలే (ఫేజులు మారితే మోటారు తిరగనీయదు) కూడా పెట్టించు తమ్మీ. ట్రాన్స్‌ఫార్మర్ కాలి లైన్‌మెన్ కొత్తది ఎక్కించినప్పుడో, జనరేటర్ వైర్లు మార్చినప్పుడో ఫేజులు అటూ ఇటూ అయి మోటారు ఉల్టా తిరుగుతుంది. పంపు ఉల్టా తిరిగితే నీళ్ళు సరిగా రావు, తెలిసిపోతుంది. బ్లోయర్ ఉల్టా తిరిగితే ట్యాంకు పైపులోంచి గాలి పీల్చడం మొదలుపెడుతుంది. నాన్ రిటర్న్ వాల్వు సరిగా లేని చోట ట్యాంకు నీళ్ళు రోటర్ల దాకా వచ్చిన కేసు ఒకటి విప్పాను. కొత్తది బిగించే రోజు బెల్టులు తీసేసి, మోటారు ఒక్కదాన్ని ఒక సెకను తిప్పి, బాణం గుర్తు వైపే తిరుగుతోందో లేదో చూడు. ఆ తర్వాతే బెల్టులు ఎక్కించు.